తిరుగుబాటును బాంబులతో ఆర్పమనే సలహాలు

తిరుగుబాటును ఎలా అణచాలో ప్రభుత్వాలకు సలహాలిచ్చేవాళ్లకు కొదవ లేదు. వాటిలో కొన్ని కింద రాస్తున్నాను. ఒక్కటీ పాటించకండి. ఇవన్నీ మిజో కొండల్లో మన దేశమే పాటించింది.

"ముందు విమానాలు పంపండి." 1966 ఫిబ్రవరి 28 రాత్రి మిజో నేషనల్ ఫ్రంట్ దాడులకు దిగింది. మర్నాడు ఆ ఫ్రంట్ నాయకుడు లాల్‌డెంగా స్వాతంత్ర్యం ప్రకటించారు. ఐజ్వాల్‌లో అస్సాం రైఫిల్స్ శిబిరం ముట్టడిలో చిక్కుకుంది. సాయం తెచ్చిన హెలికాప్టర్లు కాల్పుల మధ్య దిగలేకపోయాయి. మార్చి 5న తూఫానీ, హంటర్ విమానాలు ఊరి మీదికి వచ్చాయి. మొదట మెషీన్‌గన్లు, ఆ తర్వాత నిప్పు రాజేసే బాంబులు. దార్‌పుయి, ఛింగా వెంగ్ బస్తీలు తగలబడ్డాయి. జనం కట్టుబట్టలతో అడవిలోకి పరుగెత్తారు. ముట్టడి వీడిన మాట నిజమే, దాన్ని కాదనను. కానీ తుపాకులు పట్టినవాళ్లు కూడా ఆ అడవిలోకే వెళ్లారు. ఇల్లు పోయినవాళ్లూ, తుపాకీ పట్టినవాళ్లూ ఒకే చెట్టు కింద చేరారు. పోరు మరో ఇరవై ఏళ్లు సాగింది.

"బాంబులు వేయలేదని చెప్పండి." సైనికుల్నీ సరుకుల్నీ దించడానికే విమానాలు వెళ్లాయని ప్రభుత్వం చెప్పింది. తన ఇల్లు కాలుతుంటే కళ్లారా చూసిన మనిషి ఆ తర్వాత ప్రభుత్వం చెప్పే ఏ మాట నమ్ముతాడు?

"ఊళ్లు ఖాళీ చేయించి రోడ్ల పక్కకు చేర్చండి." 1967 నుంచి అదే చేశారు. పాత ఊళ్లు కాల్చేశారు, పోడు భూములు దూరమయ్యాయి.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించేది, "కారణాల జోలికి పోకండి" అనే సలహా. వెదురు పూస్తే ఎలుకలు పెరిగి ధాన్యం తినేస్తాయనీ, కరువొస్తుందనీ మిజో పెద్దలు ముందే హెచ్చరించారు. అప్పట్లో మిజో కొండలు అస్సాంలో ఒక జిల్లాగా ఉండేవి. అస్సాం ప్రభుత్వం పట్టించుకోలేదు. 1959లో వెదురు పూసింది, కరువు వచ్చింది. ఆకలిగొన్నవాళ్లకు బియ్యం మోసుకెళ్లిన సంఘమే 1961లో మిజో నేషనల్ ఫ్రంట్ అయింది. ఆ బియ్యం ప్రభుత్వమే వేళకు చేర్చి ఉంటే, అంతమంది కుర్రాళ్లు లాల్‌డెంగా వెంట నడిచేవారా?

చివరికి పోరు ఆగింది చర్చలతోనే. 1986 జూన్ 30న ఒప్పందం కుదిరింది. 1987 ఫిబ్రవరి 20న మిజోరం రాష్ట్రమైంది. దాని తొలి ముఖ్యమంత్రి లాల్‌డెంగాయే.