లాడ్ బజార్ వాట్సాప్ వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: మేడమ్, బ్యాంగిల్స్ కేమ్. బట్ యూ డిడ్ నాట్ కేమ్.

అవతారిక: చార్మినార్‌కు పడమట లాడ్ బజార్‌లో లక్క గాజులమ్మే ఒకానొక దుకాణదారు, పెళ్లికని గాజులు చెప్పి పత్తా లేకుండా పోయిన ఒక తెలుగింటి ఆడపడుచుకు ఇట్లు విన్నవించుకొనుచున్నాడు.

ప్రతిపదార్థం: మేడమ్ = గంటసేపు బేరమాడి బయానా ఇవ్వకుండా వెళ్లిన ఓ అమ్మా; బ్యాంగిల్స్ = రెండు-ఆరు సైజు, రాళ్లు పొదిగిన లక్క గాజులు; కేమ్ = వచ్చినవి; బట్ = ఏమి లాభము; యూ = తమరు; డిడ్ నాట్ కేమ్ = రానే రాకపోతిరి. (ధర ఎంతని అడగవద్దు. మూలంలో లేనిది రాయకూడదని మన మల్లినాథసూరి నియమం.)

వ్యాఖ్య: మొదటి ‘కేమ్’ సాధువే. ‘కమ్’ ధాతువుకు భూతకాలంలో ‘ఎడ్’ చేరాల్సింది చేరక, లోపలి అచ్చు మారింది. ఎందుకు మారిందని బడిపిల్లలు అడగరు, పంతుళ్లు చెప్పరు. ఇంగ్లీషు పుట్టకముందే జర్మానిక్ భాషల్లో ఉన్న అలవాటది. ‘గో’ సంగతి ఇంకా విడ్డూరం. దానికి సొంత భూతకాలం పోయి, ‘వెండ్’ అనే వేరే ధాతువుది ‘వెంట్’ ఆదేశంగా వచ్చి కూర్చుంది. ‘కట్’, ‘పుట్’లయితే మూడు రూపాల్లోనూ అవ్యయాల్లా కదలవు. 1858లో బాలవ్యాకరణం అచ్చువేయించిన చిన్నయసూరి చేతికి ఇవి చిక్కి ఉంటే ‘బహుళం’ అని ఒక్క ముక్కలో తేల్చేసేవాడు. మనవాళ్లు మాత్రం గో-వెంట్-గాన్‌ను రామః రామౌ రామాః రాగంలో వల్లె వేయిస్తున్నారు.

ఇక రెండో ‘కేమ్’. జరిగిపోయిన సంగతి కనుక భూతకాలమే ఉండాలని పూర్వపక్షం. ఆ భూతాన్ని ‘డిడ్’ ముందే మింగేసింది, ఇక మిగిలేది ఉత్త ‘కమ్’ అని సిద్ధాంతం. దుకాణదారును తప్పుపట్టలేం. అతని ఉర్దూలో ‘ఆప్ నై ఆయే’ అన్నప్పుడు ‘నై’ కాలాన్ని మోయదు, ఆ బరువంతా ‘ఆయే’దే. అదే అలవాటు ఇంగ్లీషులోకీ వచ్చింది. మనకా సాకు లేదు. ‘వచ్చారు’ అంటాం గాని ‘వచ్చాలేదు’ అనం, ‘రాలేదు’ అంటాం. కాలం ‘లేదు’లో ఉంది, ‘రా’ నిమ్మళంగా ఉంది. ‘డిడ్ నాట్ కమ్’ నడిచేదీ ఈ దారినే. ఇంట్లోనే సూత్రం పెట్టుకుని ‘డిడ్ నాట్ కేమ్’ అనే తెలుగువాడిది మాత్రం అపరాధమే.

విశేషం: చార్మినార్ కిందే నిలబడి ‘కులీ కుతుబ్ షా బిల్టెడ్ ఇన్ 1591’ అనే గైడు ప్రయోగం భూతం మీద భూతం. ఉన్న నాలుగు మినార్ల మీద ఐదోది లేపినట్టు. ఇంగ్లీషు బోధన కోసం 1958లోనే కేంద్ర సంస్థ వెలసిన నగరమిది. వీధివీధినా ‘స్పోకెన్ ఇంగ్లీష్’ బోర్డులే. ఆ ‘స్పోకెన్’ స్వయంగా స్పీక్ ధాతువు మూడో రూపమని, అదీ దారితప్పిన జాతిదేనని చేరేవాళ్లలో ఎందరు గమనిస్తారో!

తాత్పర్యం: గాజులు వచ్చాయి, మీరు రాలేదు.

ఉత్తర వాక్యం: సదరు మేడమ్ ప్రత్యుత్తరం ‘సారీ భయ్యా, ఐ విల్ కేమ్ సండే’ అని లభించుచున్నది. ఇచట భూతకాలము భవిష్యత్తునందును వర్తించెను. గాజులవాడు రెండు-ఆరు డజను పక్కకు తీసిపెట్టి, ‘ఓకే మేడమ్’ అని బదులిచ్చెను.