శుక్రవారం దాకా ఆగలేదు

నేను ముందు తలుపున్న వాషింగ్ మెషీన్ని. నా పుట్టుక గురించి చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేదు. రేకు వంచారు, డ్రమ్ము బిగించారు, మోటారు తగిలించారు. డబ్బాలో పెట్టే ముందు మాత్రం నీళ్లతో ఓసారి ఆడించి చూశారు. ఎంత తోడేసినా పంపు అడుగున గుక్కెడు నీళ్లు మిగిలిపోతాయి. నా కష్టాలకు మూలం ఆ గుక్కెడే.

అమెరికాలో మినియాపొలిస్, జనవరి నెల. రాత్రంతా ట్రక్కులో ఉన్నాను. బయట సున్నాకు 20 డిగ్రీలు కింద. పంపులో నీళ్లు గడ్డకట్టాయి. నీరు గడ్డకడితే 9 శాతం దాకా ఉబ్బుతుంది. నా పంపు చక్రానికి ఉన్నవేమో ప్లాస్టిక్ రెక్కలు. పొద్దున్నే ఇద్దరు మనుషులు నన్ను ఓ తెలుగువాళ్లింటి బేస్‌మెంటులో దించి, సంతకం పెట్టించుకుని వెళ్లిపోయారు.

ఇంటాయన తల్లి భీమవరం నుంచి వచ్చి ఉంది. నా మీద చెయ్యి వేసి చటుక్కున తీసేసింది.

"ఒరే నాన్నా, ఇవాళ గురువారం. రేపు పొద్దున్నే పసుపూ కుంకుమా పెట్టి మొదలుపెడదాం. బస్సు దిగిన చుట్టానికైనా కాళ్లు కడుక్కునే వ్యవధి ఇస్తాం కదరా!"

"మెషీన్‌కి ముహూర్తమేంటమ్మా, వారం బట్టలు పడున్నాయి" అన్నాడాయన.

చలిలో వచ్చిన యంత్రాన్ని గది వేడికి వచ్చేదాకా ఆడించొద్దని, నాతో వచ్చిన పుస్తకం కూడా చెబుతుంది. కొన్ని పుస్తకాల్లో కొన్ని గంటలని ఉంటుంది, నాదాంట్లో 24 గంటలని ఉంది. ఆవిడ పెట్టిన ముహూర్తానికీ దీనికీ లెక్క సరిగ్గా సరిపోయింది. ఆయన పుస్తకం తెరవలేదని అనను. వెనకున్న రవాణా బోల్టులు తీయాలని చదివి నాలుగూ తీశాడు. తర్వాతి పేజీ తిప్పలేదు, అంతే.

ఇంట్లో 22 డిగ్రీలు. గాలిలో తేమ 40 శాతం ఉంటే, సుమారు 8 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేనికైనా ఆ తేమ నీరై పడుతుంది. ప్లాస్టిక్ తొడుగు లాగెయ్యగానే నాకు ఒళ్లంతా చెమటలు. తొడుగు ఉంచి ఉంటే ఆ చెమటేదో దానికే పట్టేది. తువ్వాలుతో పైపైన తుడిచి "ఆరిపోయింది" అన్నాడు. బయట్నుంచి రాగానే మసకబారిన కళ్లజోడు తీసి తుడుచుకునే మనిషికి, నా లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు గుర్తుకు రాలేదు. పైగా నాలో కాంక్రీటు దిమ్మలుంటాయి, గిర్రున తిరిగేటప్పుడు ఎగిరిపడకుండా. రేకు తొందరగానే వెచ్చబడుతుంది, కాంక్రీటు అంత తేలిగ్గా చలిని వదలదు. మీద చెయ్యి వేసి చూసి పర్లేదనుకునేవాళ్లకి ఇదేం తెలుస్తుంది?

బటన్ నొక్కాడు. కొత్త నీళ్లు పట్టే ముందు పాత నీళ్లు తోడెయ్యడం నా పద్ధతి. పంపు తిరగబోయింది, ఐసు పట్టేసింది. కాసేపు మూలిగాను. తర్వాత టప్పుమని చప్పుడు, ఓ రెక్క పోయింది. "కొత్తదని పేరే గానీ నాసిరకం సరుకు" అని తిట్టాడు. మెకానిక్ వచ్చి పంపు మార్చి, లోపల నీళ్లు గడ్డకట్టాయని వివరిస్తుంటే ఈయన ఫోన్ చూసుకుంటున్నాడు.

అయినా చాకిరీకి లోటు చేయలేదు. ఆవకాయ మరకలు, వంటింటి పసుపు గుడ్డలు, పిల్లాడు మంచులో ఆడి తడిపి తెచ్చిన చేతితొడుగులు, అన్నీ నావే. పెద్దావిడ మాత్రం తన నేతచీరలు నాకిచ్చేది కాదు, బాత్‌టబ్బులో చేత్తోనే ఉతుక్కునేది. ఊరెళ్లబోయే ముందు, ఏమనుకుందో, ఒకటి తెచ్చి వేసింది. అంచు రంగు దిగకుండా ఉతికిచ్చాను. "ఫర్వాలేదే, చేత్తో ఉతికినట్టే ఉంది" అంది. ఆ ఇంట్లో నాకు దక్కిన మెచ్చుకోలు అదొక్కటే.

కొన్నేళ్లకి డ్రయ్యరుతో జత చూసి కొత్తది కొన్నారు. ఎవరికైనా ఇద్దామంటూ నన్ను గరాజులో పెట్టారు. అక్కడ హీటర్ లేదు. నా అడుగున ఓ చిన్న మూత ఉంటుంది, అది తిప్పి పళ్లెం పెడితే మిగిలిన నీళ్లు దిగిపోతాయి. దానికి ఎవరికీ తీరిక దొరకలేదు. నెత్తిన రంగు డబ్బాలు, పక్కన బొమ్మలకొలువు మెట్లు, వాటితో రెండు చలికాలాలు గడిపాను. పంపు చీలింది. గొట్టం చిట్లింది. తలుపు రబ్బరు బిర్రబిగుసుకుంది. ఫిబ్రవరిలో ఎవరో అడిగితే, అక్కడికక్కడే ప్లగ్గు పెట్టి, బకెట్టుతో నీళ్లు పోసి ఆడించారు. నీళ్లన్నీ నేల పాలయ్యాయి. "పాతదైపోయింది" అని తేల్చేశారు. పంపూ గొట్టమూ మారిస్తే ఇంకా కొన్నేళ్లు ఉతికేదాన్ని.

ఇప్పుడు పాత ఇనుము యార్డులో ఉన్నాను. కాంక్రీటు విడగొట్టారు, మోటారులో రాగి లాక్కున్నారు. డ్రమ్ము స్టెయిన్‌లెస్ స్టీలు కదా, దానికి గిరాకీ ఉంది. ఒంటినిండా చిల్లులున్నాయి కాబట్టి మంట బాగా రాజుకుంటుందట. పెరట్లో చలిమంటకి కావాలని ఒకాయన బేరమాడి వెళ్లాడు. ఇన్నాళ్లకి నన్ను వెచ్చబెట్టాలని ఒకరికి తోచింది.