మాండలే ప్రయాణ మీమాంస

రంగూను,
విరోధి సంవత్సర కార్తిక బహుళము, 1949 నవంబరు.

పూజ్యులైన బావగారి సముఖమునకు మీ బావమఱది నమస్కరించి చేసికొను విన్నపములు. ఉభయకుశలోపరి. నేను క్షేమము; అయితే ఈ క్షేమము ఈ పూటది. ఈ జాబు కాకినాడ చేరునాటికి నా సంగతి ఎట్లుండునో ఇచ్చటి ప్రధానమంత్రిగారి నడిగినను చెప్పజాలరు గనుక, తెలిసినంతవఱకే వ్రాయుచున్నాను.

మీ కవరు నిన్న అందినది. మొదటి పుటలో మీరు, పత్రికలలో బర్మా కల్లోలములను గూర్చి చదివి నిద్రపట్టక, ఎట్టి పరిస్థితులలోను రంగూను పొలిమేర దాటవలదని నన్ను శాసించినారు. రెండవ పుటలో, అప్పటికి కొంత నిద్ర పట్టినది కాబోలు, మాండలేలోని బట్టలవర్తకుడు మీయొద్ద పుచ్చుకొన్న పైకము తాలూకు నోటుకు కాలదోషము పట్టకముందే స్వయముగా పోయి, అసలో వడ్డీయో రాబట్టి, అదియు కుదరనిచో నోటు తిరుగవ్రాయించుకొని రమ్మని సెలవిచ్చినారు. అడవికి పొమ్మని ఒక్కమాటయే చెప్పిరి గనుక శ్రీరామచంద్రునకు పితృవాక్యపరిపాలనము సులభమైనది. పొమ్మనియు పోవలదనియు ఒక్క కవరులోనే చెప్పించుకొన్నవానికి వాల్మీకి ఏ సర్గలోను దారి చూపలేదు. కావున నాకు నేనే విచారణసంఘముగా ఏర్పడి, పోవలయునా, పోయినచో ఎట్లు పోవలయును అను ప్రశ్నలను విమర్శించి, ఫలితమును మీకు నివేదించుచున్నాను.

మొదట రైలు సంగతి. యుద్ధమునకు పూర్వము రంగూనులో బండియెక్కి ఒక నిద్ర తీసి లేచునప్పటికి మాండలే వచ్చెడిదని పాతకాపులు చెప్పుదురు. దూరము 386 మైళ్ళు; నేటికిని 386 మైళ్ళే. తిరుగుబాటుదారులు పెఱికివేయలేక విడిచిపెట్టినది ఆ అంకె ఒక్కటియే. తక్కిన పట్టాలును వంతెనలును వారి చిత్తము వచ్చినట్లున్నవి. పెగూ దాక ప్రభుత్వమువారి బండి, పగటివెలుగు చూచుకొని, సాయుధులను వెంటబెట్టుకొని పోవుచుండును. ఆ పైని టాంగూ, తిరుగబడిన కరెన్ జాతివారి రాజధాని. దాని కావల పిన్మనా కమ్యూనిస్టులది. ఇంకను పైకి పోయిన మరల ప్రభుత్వముది. అనగా టిక్కెట్టు ఒకటియు, దేశములు మూడును. విదేశీ విలేఖరులు ప్రధానమంత్రి ఊ ను గారి మంత్రివర్గమును ‘రంగూను ప్రభుత్వ’మని ఎగతాళి చేయుచుండగా మొదట మా మెస్సులోనివారికి కోపము వచ్చెడిది; ఈ జనవరి 31వ తేదీన పదిమైళ్ళ దూరమందలి ఇన్‌సీనులో మొదలైన ఫిరంగుల మోత మే నెల దాక మా భోజనవేళల వినిపించిన పిమ్మట ఆ కోపము ఎవరికిని రాలేదు.

ఇందులో మీరు గ్రహింపవలసిన సూక్ష్మమొకటి కలదు, బావగారూ. ఇచ్చట ప్రయాణికునకు టిక్కెట్టుకంటె వర్ణజ్ఞానము ముఖ్యము. ఎఱ్ఱజెండా కమ్యూనిస్టులు వేఱు, తెల్లజెండా కమ్యూనిస్టులు వేఱు. ఇరువురకును ప్రభుత్వముతో ఎంత వైరమో తమలో తమకును అంత పొత్తులేమి. స్వచ్ఛందసేనవారు తెల్లపట్టీ, పసుపుపట్టీ అని రెండుగా చీలినారు. పసుపుపట్టీ ప్రభుత్వమువైపు, తెల్లపట్టీ అడవివైపు. తెల్లజెండాయు తెల్లపట్టీయు ఒకటియే గదా యని భ్రమసి, దారికడ్డమై నిలిచిన వానిని తప్పుపేరుతో సంబోధించుట, శైవుని ముంగిట నిలిచి వైష్ణవస్తోత్రము చదువుట వంటిది. పుణ్యము మాట అటుంచి, శేషించిన ప్రయాణము గూర్చి బెంగ యుండదు.

రైలు లేకున్న ఐరావతి ఉన్నది గదా యందురు. ఉన్నది. నది ఎవరి మాటయు వినక ప్రవహించుచున్నది. కాని ఓడలేవి? పూర్వము దొరల కంపెనీకి ఆరువందలకు పైగా ఓడలుండెడివి. 1942లో జపానువారి చేత చిక్కకూడదని వానిలో చాలభాగమును తామే ముంచుకొన్నారు. పిమ్మట కూడబెట్టినవానిని 1948లో ప్రభుత్వమువారు స్వాధీనపఱచుకొన్నారు. ఇప్పుడు ప్రోము నగరము తిరుగుబాటుదారుల క్రింద నున్నది. ప్రోమును తప్పించుకొని జలమార్గమున మాండలే చేరు ఉపాయము చేపలకు మాత్రమే తెలియును. నది మధ్యలో ఓడ నాపించి సుంకము పుచ్చుకొనువారు ఇరుదరులనున్నారట. ఎడమదరివారికిచ్చిన సుంకము కుడిదరివారి లెక్కలోనికి రాదట.

ఇక లారీ. ఈ విషయమున నాకు గురువైనవాడు మన శ్రీకాకుళము ప్రాంతపు డ్రైవరొకడు. పెగూ పై మార్గమున బియ్యపు బస్తాలు తోలుచు, వారమున కొకమాఱు మా మెస్సులో పప్పన్నము తిన వచ్చును. మొన్న భోజనానంతరము వాడు నడుమునుండి రేకుపెట్టె యొకటి తీసి, మూత విప్పి, చాపమీద కాగితములు పఱచినాడు. చదువరాని వాడగుటచే ముద్రలను బట్టియే వానిని పోల్చుకొనును: సుత్తికొడవలి ముద్రవి యొక వరుస, ఉదయించు సూర్యుని ముద్రవి యొక వరుస, ముద్ర లేక వేలిగుర్తు మాత్రమున్నవి యొక వరుస. అన్నియు సుంకపు రశీదులు. ఒకదానికి చెమ్మ తగిలి సిరా ప్రాకియుండగా వాడు దానిని గోటితో సవరించి, దీపమునకు దగ్గఱగా ఆరబెట్టి, “ఇది సెడితే రెండోమాటు కట్టాల బాబూ” అని దిగులుపడినాడు. ప్రభుత్వపు గేటులలో రశీదులు ఇయ్యరా యని అడిగితిని. “ఆళ్ళు పుచ్చుకుంటారండీ, రాయరు. అడివోళ్ళు మాత్తరం పైసాకి పైసా రాసిత్తారు” అన్నాడు. రాజ్యాంగశాస్త్రమున పట్టములు పొందినవారు సార్వభౌమాధికారమును గూర్చి ఉద్గ్రంథములు వ్రాసియున్నారు గాని, రశీదు ఇచ్చువాడే ప్రభువన్న ఈ సిద్ధాంతమంత విశదముగా ఎవరును చెప్పినట్లు నాకు తోపదు. వాడు నన్ను బస్తాలమీద కూర్చుండబెట్టుకొని టాంగూ దాక తీసికొనిపోవుటకు సిద్ధమే. మనుష్యులకు సుంకము బస్తాలకంటె తక్కువ యట. ఆ తారతమ్యము నా అభిమానమునకు తగిలినందున ఆ మార్గమును విసర్జించితిని.

ఈలోపల సలహాదారులు పెరిగినారు. మా మెస్సు వంటవాడు 1942లో జపాను బాంబుల తరువాత టాంగప్ కనుమ మీదుగా అరకాను దాక కాలినడకను పోయి, త్రోవలో ఇరువురు తోబుట్టువులను పోగొట్టుకొని, ఊరు చేరి, యుద్ధము ముగిసినంతనే మరల ఇచ్చటికే వచ్చినవాడు. ఆనాడు లక్షలాదిగా మనవారు ఆ కొండదారులు పట్టి పోయిరి గదా. వానికి వాహనములన్న నమ్మకము లేదు. “నడిచిపొండి బాబూ, దారి నెవరూ ఎత్తుకుపోరు” అని అన్నము వడ్డించుచు చెప్పి, నా ముఖము చూచి, మరికొంచెము పప్పు వేసి పోయినాడు. వానితో నేను వాదింపలేదు. మెస్సు యజమాని మాత్రము, ఏడాదిలోగా శాంతి నెలకొల్పెదమని ఊ ను గారు ప్రకటించియుండగా తొందరయేలని ఆక్షేపించినాడు. ఊ ను గారి సత్యసంధతను నేను శంకింపను. కాని మీ నోటుకు పట్టబోవు కాలదోషము ఆయన గడువుకొఱకు ఆగునని ఏ చట్టములోను లేదు.

అన్నిటికంటె విచిత్రము మా కచేరీలోని బర్మా గుమాస్తా సలహా. దారుల సంగతి అతడు అడుగనే లేదు. నేను పుట్టిన వారమేదని అడిగినాడు. ఇచ్చట వారమునకు ఎనిమిది దినములు. బుధవారము పూర్వాహ్ణము బుధునిది; అపరాహ్ణము రాహువుది. ష్వేడగాన్ ఆలయము చుట్టును ఒక్కొక్క వారమువారికి ఒక్కొక్క స్థానము, ఒక్కొక్క జంతువు కలవు. సోమవారమువానికి పులి, మంగళవారమువానికి సింహము, రాహువు పాలబడినవానికి దంతములు లేని ఏనుగు. తమ స్థానమున నిలిచి నీళ్ళుపోసి మ్రొక్కి బయలుదేరినవానికి ఏ జెండావారును అడ్డురారట. దీనిని చూచి నవ్వుట మనకు తగదు. ఈ దేశము స్వతంత్రమైనది 1948 జనవరి 4వ తేదీన తెల్లవారుజాము 4 గంటల 20 నిమిషములకు. ఆ వేళను నిర్ణయించినవారు జ్యోతిష్కులే. అంత జాగ్రత్తతో పెట్టిన ముహూర్తమునకు మూడునెలలు తిరుగకుండ అంతర్యుద్ధము ఆరంభమైనదన్నచో, పెట్టకపోయిన ఏమయ్యెడిదో యని గుమాస్తా గుండెమీద చేయి వేసికొన్నాడు. నా మట్టుకు నాకు నక్షత్రము తెలియును, పాదము తెలియును, వారమెవరు చూచినారు? అమ్మనడిగి వ్రాయించుడు.

ఇట్లు దారులన్నియు మూసికొనిపోగా మిగిలినది ఆకాశము. మింగలడాన్ నుండి మాండలేకు విమానమున్నది. విమానమునకు వంతెనలు లేవు, గేటులు లేవు, అది దిగువఱకు ఏ వర్ణమువారితోను నిమిత్తము లేదు. దిగుటయే చిక్కు. గత ఫిబ్రవరిలో మిక్టిలా విమానాశ్రయము తిరుగుబాటుదారుల వశము కాగా, ఆ సంగతి తెలియక దిగిన విమానములను వారే పట్టుకొని, తమ భటులను వానిలో ఎక్కించి మేమ్యో మీదికి దండెత్తినారు. మార్చి నెలలో మాండలేయు వారి చేతులలోనికి పోయి, ఏప్రిలులో మరల ప్రభుత్వమునకు వచ్చినది. తిలకు మహాశయుని తెల్లదొరలు 1908లో శిక్షించి, ఖర్చులు తామే భరించి, కావలి నిచ్చి, మాండలేకు చేర్చి ఆఱేండ్లు అచ్చటనే ఉంచినారు; స్వతంత్ర బర్మాలో సొంత డబ్బు పెట్టుకొని రెండుదినములుండి వత్తునన్న వానికి ఇంత మీమాంస!

ఇంతలో మీ ఋణస్థుని యొద్దనుండి నాకు జాబు వచ్చినది. “రంగూనులో మీరందఱు ఎట్లు బ్రతుకుచున్నారో తలచుకొన్న గుండె జల్లుమనుచున్నది, ఇచ్చట అంతయు ప్రశాంతము, అంగడి తీయుచున్నాము, కాని మార్గములు బాగుండకపోవుటచే పైకము పంపుటకు వీలుపడకున్నది” అని దాని సారాంశము. కాకినాడలో మీకు రంగూనును తలచుకొని నిద్రపట్టదు; రంగూనులో మాకు మాండలేను తలచుకొని పట్టదు; మాండలేవాడు మమ్ము తలచుకొని జాలిపడుచు హాయిగా నిద్రించుచున్నాడు. ఆ జాబు విమానమున వచ్చినది. ఉత్తరము ఎక్కిన విమానమున రూపాయలు ఎక్కజాలకపోవుటకు కారణము కమ్యూనిస్టులు కారు, కరెన్లు కారు. ఆ ఒక్క జాబు చదివినంతనే నా సందేహము తీరిపోయినది. దేశములోని కల్లోలమునకు జడిసి ఆగినవాడను, దానిని అడ్డుపెట్టుకొన్న బాకీదారుని చూచి బయలుదేరుచున్నాను.

టిక్కెట్టు కొన్నాను. అచ్చటి ఉద్యోగి నన్నును నా పెట్టెను ఒకే త్రాసుమీద నిలిపి, ముల్లు చూచి, నన్ను చూచి, మరల ముల్లు చూచి, పెట్టెలో ఏమున్నదని అడిగినాడు. ఏమియు లేదు, ఖాళీపెట్టె తెచ్చితినన్నాను. అతడు నిట్టూర్చి అంకె వేసికొన్నాడు. మెస్సు భోజనము చాలక చిక్కిపోవుచున్నానని అమ్మ విచారించుచున్నది గదా. ఈ సంగతి చెప్పి ఊరడింపుడు. దొరికిన స్థానము వచ్చు నెల మొదటి బుధవారమునది, అదియు మధ్యాహ్నము. బుధవారము ఉత్తరదిక్కునకు వారశూల యని మన పంచాంగము. బుధవారపు అపరాహ్ణము రాహువుదని వీరి శాస్త్రము. మాండలే రంగూనుకు ఖచ్చితముగా ఉత్తరముననే ఉన్నది. ఆ విషయమున నేను చేయగలిగినది లేదు. అమ్మతో మాత్రము సోమవారమని చెప్పుడు.

నోటు మూలపత్రము మీయొద్దనే ఉన్నది గనుక రిజిష్టరు తపాలాలో వెంటనే పంపవలయును. నా పరదేశీయుల నమోదు కాగితము సిద్ధముగా నున్నది. పిల్లలకు ఆశీస్సులు.

ఇట్లు విధేయుడు,
మీ బావమఱది.

తా.క. మీ జాబు మడతలో అక్కయ్య వేఱుగా పెట్టిన చీటీ ఇప్పుడే చూచితిని. ప్రాణములకు తెగించి ప్రయాణములు చేయవద్దని నాలుగు పంక్తులు వ్రాసి, అయిదవ పంక్తిలో, మాండలే పోవుట తటస్థించినచో ప్రక్కనున్న అమరపురములో నేయు పట్టు ఒక చీరకు సరిపోవునంత తెమ్మన్నది. తప్పక తెత్తును. ఏ రంగో వ్రాయలేదు, వెంటనే తెలుపుమనుడు. ఎఱుపు, తెలుపు, పసుపు మాత్రము కోరవద్దని చెప్పుడు. తిరుగుప్రయాణములో ఆ బట్టను ఎవరికైనను విప్పి చూపవలసి రావచ్చును.