దీవిలో చలిమంట

నండూరి రామమోహనరావు తెలుగు చేసిన ‘కాంచన ద్వీపం’ చదివినవాళ్ళు, ఆ కథ రాసినాయన ఏ కొబ్బరిచెట్టు నీడనో కూర్చుని, అలలు పాదాలు తడుపుతుంటే రాసి ఉంటాడనుకుంటే తప్పేమీ లేదు. కానీ జరిగింది వేరు. 1881లో ఆ కథ మొదలుపెట్టినప్పుడు రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ స్కాట్లండులోని బ్రేమార్ అనే ఊళ్ళో ఉన్నాడు. పేరుకు వేసవే గానీ ఒకటే ముసురు. ఇల్లు కదల్లేక విసుగెత్తిన పిల్లవాడొకడు, ఆయన భార్య మొదటి పెళ్ళి కొడుకు, రంగులు ముందేసుకుని బొమ్మలు వేసుకుంటున్నాడు. ఈయనా పక్కన చేరి ఒక దీవి పటం గీశాడు. ఆ పటంలోంచి కథ పుట్టింది. అది పూర్తయింది స్విట్జర్లండులోని దావోస్‌లో, మంచు కొండల మధ్య. అప్పటికాయన ఉష్ణమండలపు దీవిని కంటితో చూసి ఎరగడు.

దావోస్ వెళ్ళింది విహారానికి కాదు, ఊపిరితిత్తుల కోసం. పుట్టింది ఎడిన్‌బరోలో. ఆ ఊరి చలిగాలి, పొగమంచు తగిలితే చాలు, చిన్నతనం నుంచీ మంచం పట్టేవాడు. పెద్దయ్యాక దగ్గుతో పాటు రక్తం పడేది. మాట్లాడితే ప్రమాదమని డాక్టర్లు నోరు కట్టేస్తే కాగితం మీద రాసి చూపించిన రోజులున్నాయి. క్షయ అన్నారంతా. తండ్రి, తాతలు లైట్‌హౌస్‌లు కట్టిన ఇంజనీర్లు. ఎలాంటి తుఫానులోనైనా ఆరని దీపం కట్టగలిగిన ఆ వంశంలో ఈ ఒక్క దీపాన్ని నిలబెట్టడం ఎవరి తరమూ కాలేదు. దక్షిణ ఫ్రాన్సులో ఉన్నాడు, ఇంగ్లండు దక్షిణపు ఒడ్డున బోర్న్‌మత్‌లో మూడేళ్ళు గడిపాడు. ఎక్కడికి వెళ్ళినా చలికాలమూ వెంటే వచ్చేది.

1887లో తండ్రి పోయాడు. ఇక ఆ దేశంలో కట్టిపడేసే బంధం తెగింది. తల్లిని, భార్య ఫానీని, ఆమె కొడుకు లాయిడ్‌ను వెంటబెట్టుకుని అమెరికా ఓడెక్కాడు. అక్కడ చేరింది ఎక్కడికంటే, న్యూయార్క్ రాష్ట్రంలో సరనాక్ లేక్ అనే అడవి ఊరికి. అక్కడ ట్రూడో అనే డాక్టరు క్షయ రోగులకు శానిటోరియం నడుపుతున్నాడు. ఆయన వైద్యం విచిత్రమైంది. గదుల్లో దాచిపెట్టడం, తలుపులు బిగించడం లేదు. రోగిని దుప్పట్లలో చుట్టి ఆరుబయట వరండాలో పడుకోబెట్టేవాడు. చల్లని స్వచ్ఛమైన గాలి, కడుపు నిండా తిండి, కదలకుండా విశ్రాంతి. అంతే మందు.

ఆ ఊళ్ళో చలి ఎలాంటిదంటే, పాదరసం సున్నాకు ముప్పయి డిగ్రీల కిందికి దిగిన రాత్రులున్నాయి. స్టీవెన్సన్ అడవిదున్న తోలు కోటు తొడుక్కుని తిరిగాడు. భార్య తాళలేక మాటిమాటికీ ఊరు విడిచి వెళ్ళేది. అయినా ఒక సంగతి చెప్పుకోవాలి. ఆ చలికాలమంతా ఆయన ఆరోగ్యం కుదురుగానే ఉంది. వరుసగా వ్యాసాలు రాశాడు. గడ్డకట్టే చీకటి రాత్రి వరండాలో అటూ ఇటూ నడుస్తుంటే ‘ద మాస్టర్ ఆఫ్ బాలంత్రే’ నవల తట్టింది. డాక్టరు పరీక్షించి చూస్తే, ముదిరే క్షయ అని చెప్పడానికి గట్టి ఆనవాలు కూడా కనిపించలేదు.

డాక్టరుకూ రచయితకూ స్నేహమైతే కుదిరింది, మనసులు మాత్రం కలవలేదు. ట్రూడో ఒకరోజు ముచ్చటపడి తన ప్రయోగశాల చూపించాడు. సీసాల్లో జబ్బు పట్టిన అవయవాలు, క్రిములు. రచయితకు కడుపులో తిప్పి వరండాలోకి వచ్చేశాడు. తర్వాత, మీ దీపం బాగానే వెలుగుతోంది గానీ నూనె కంపు భరించలేను అన్న ధోరణిలో ఒక చురక కూడా వేశాడు.

ఆ చురక వేసేముందు రచయిత ఆ డాక్టరుగారి కుందేళ్ళ కథ కాస్త శ్రద్ధగా విని ఉంటే బాగుండేది. 1886లో ట్రూడో పదిహేను కుందేళ్ళను మూడు గుంపులు చేశాడు. ఐదింటికి క్షయ క్రిములు ఎక్కించి, దగ్గర్లోని సరస్సులో ఒక చిన్న దీవి మీద వదిలేశాడు. ఎండ, గాలి, కావలసినంత తిండి. ఇంకో ఐదింటికి అవే క్రిములు ఎక్కించి చీకటి, చెమ్మ, అరకొర తిండి ఉన్నచోట బంధించాడు. మిగిలిన ఐదింటికి క్రిములు ఎక్కించలేదు గానీ ఉంచింది మాత్రం అలాంటి చీకటి కొట్టులోనే. చీకట్లో పెట్టిన రోగపు కుందేళ్ళలో నాలుగు చచ్చాయి. దీవి మీదివాటిలో నాలుగు బతికాయి. క్రిమి సోకనివి చిక్కి శల్యమయ్యాయి గానీ ప్రాణాలతోనే ఉన్నాయి. అంటే దీవి మంచిదే. కానీ అది చలిదేశపు దీవి. అక్కడి కుందేళ్ళకు పనీ లేదు, అప్పూ లేదు, పోషించాల్సిన బంధువులూ లేరు.

ఇప్పటికీ టొరంటోలోనో మినియాపొలిస్‌లోనో ఇంటి ముందు మంచు పారతో ఎత్తిపోసుకుంటూ ‘ఈసారి ఏ హవాయికో మకాం మార్చేద్దాం’ అనుకునే మన తెలుగు కుటుంబాలు ఉంటాయి. అలాంటి ఆలోచనే 1888 ఏప్రిల్‌లో స్టీవెన్సన్‌ను సరనాక్ లేక్ నుంచి కదిలించింది. ఫానీ ముందుగా శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళి ‘కాస్కో’ అనే తెరచాప ఓడను అద్దెకు మాట్లాడింది. తండ్రి వదిలి వెళ్ళిన డబ్బు ఉంది, ప్రయాణపు ఉత్తరాలు రాసిస్తే అచ్చువేసుకుంటామన్న పత్రికలవాళ్ళూ ఉన్నారు. జూన్ 28న ఓడ కదిలింది. దాని మీద అరవైకి చేరువైన తల్లి కూడా ఉంది. వితంతువులు పెట్టుకునే గంజిపెట్టిన తెల్లటోపీని ఆవిడ చివరిదాకా విడవలేదు.

అనుకున్నది కొన్ని నెలల విహారం. మార్కెసాస్, తాహితి, హవాయి చూసేసరికి మనిషి మారిపోయాడు. ఒళ్ళు తేలికపడింది, ఊపిరి ఆడింది. 1889 డిసెంబరులో సమోవా దీవుల్లోని అపియా రేవులో దిగాడు. ఊరికి ఐదు కిలోమీటర్ల దూరాన కొండవాలులో మూడు వందల ఎకరాలకు పైగా అడవి కొన్నాడు. వైలిమా అని దాని పేరు. అయినా అప్పటికి పూర్తిగా అక్కడే ఉండిపోవాలని లేదు. స్కాట్లండు వెళ్ళి రావాలనే ఉంది. 1890లో సిడ్నీ వెళ్ళగానే మళ్ళీ జబ్బు తిరగబెట్టింది. ఓడెక్కి వేడి సముద్రంలోకి వెళితే తగ్గింది. మళ్ళీ సిడ్నీ, మళ్ళీ మంచం. దాంతో తేలిపోయింది, ఇక ఇంటికి పోవడమనేది లేదని. ప్రాణం కాపాడిన దీవే చుట్టూ కంచె వేసేసింది. స్వదేశం మళ్ళీ చూడలేనని మిత్రులకు ఉత్తరాల్లో రాసుకున్నాడు.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మనవాళ్ళు. ఫానీతో పెళ్ళి ఎలాగూ అయింది గనుక ఇక ఇల్లు. రెండంతస్తుల చెక్క ఇల్లు, చుట్టూ వరండాలు, పైన ఇనుపరేకుల కప్పు. పెద్ద హాలు గోడలకు కాలిఫోర్నియా రెడ్‌వుడ్ చెక్క. తండ్రి ఇంట్లోని సామాను, బోర్న్‌మత్ ఇంటి సామాను, పియానోతో సహా భూగోళం సగం చుట్టి వచ్చాయి. పండగపూట పనివాళ్ళు స్కాట్లండు రాజవంశపు గళ్ళ గుడ్డతో కుట్టిన లుంగీలు కట్టుకునేవారు. వీటన్నిటినీ మించింది ఇంకొకటి. ఏడాది పొడుగునా పగలు ముప్పయి డిగ్రీలకు అటూ ఇటూ ఉండే ఆ దేశంలో, జనం గోడలే లేని ఇళ్ళలో తాటాకు తడికల్లాంటి తెరలు దించుకుని పడుకునే ఆ దేశంలో, స్టీవెన్సన్ ఇటుకలు తెప్పించి గోడలో ఫైర్‌ప్లేస్ కట్టించాడు. సమోవా మొత్తానికి అదొక్కటే అంటారు. ఇవాళ మ్యూజియంగా ఉన్న ఆ ఇంట్లో అది అలాగే ఉంది. అందులో నిప్పు రాజెయ్యనే లేదని ఇల్లు చూపించేవాళ్ళు చెబుతారు.

చలికి భయపడి సముద్రాలు దాటినవాడికి చలిమంట మీద మమకారం పోలేదు. రాతల్లోనూ అంతే. సమోవాలో ఉండి దీవుల కథలు రాయకపోలేదు, మంచివే రాశాడు. జర్మనీ, బ్రిటన్, అమెరికా కలిసి ఆ చిన్న దేశాన్ని ఎలా పీక్కుతింటున్నాయో కూడా రాసి అధికారులతో గొడవలు తెచ్చుకున్నాడు. అందుకే అక్కడి జనం ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. 1894లో జైలు నుంచి విడుదలైన సమోవన్ పెద్దలు కృతజ్ఞతగా ఆయన ఇంటిదాకా స్వయంగా రోడ్డు వేశారు. ఇంతా చేసి, తెల్లవారుజామున లేచి కూర్చుంటే మాత్రం కలంలోంచి వచ్చేవి స్కాట్లండు బీడుభూములు, ఎడిన్‌బరో వీధులు. ‘కట్రియోనా’ అలా వచ్చింది. చివరి నవల ‘వీర్ ఆఫ్ హెర్మిస్టన్’ కూడా అంతే.

తెల్లవారుజామున ఎందుకు లేవాలంటే, గంపెడు సంసారం. తల్లి, భార్య, ఆమె కొడుకు, కూతురు, ఆ కూతురి కొడుకు, కొన్నాళ్ళు ఆ అల్లుడు కూడా. వీళ్ళు కాక వంటవాళ్ళు, తోటవాళ్ళు, వచ్చేపోయే నౌకాదళం అధికారులు, విందులు. తోట అమ్మకానికి పంట ఇచ్చింది లేదు. అందరికీ తిండి పెట్టేది ఒక్క కలం. రాసి రాసి చెయ్యి పట్టేస్తే నోటితో చెబుతూ సవతి కూతురి చేత రాయించాడు. పూర్వంలా నెలల తరబడి మంచం పట్టకపోవడం నిజమే. గుర్రమెక్కాడు, అడవి నరికాడు, వానలో తడిశాడు. చేయనిదల్లా ఒక్కటే, సరనాక్ లేక్ డాక్టరు రాసిచ్చిన విశ్రాంతి. వైద్యంలో వాతావరణం ఒక్కటే పట్టించుకుని, మిగతా చీటీ ఆయన చించేశాడని నేనంటాను.

1894 డిసెంబరు 3. పొద్దున ‘హెర్మిస్టన్’ రాశాడు, చాలా బాగా వచ్చిందని సంతోషపడ్డాడు. సాయంత్రం వరండాలో భార్యకు వంటలో సాయం చేస్తూ, సలాడ్‌లోకి మయొనైజ్ కలుపుతున్నాడు. ఉన్నట్టుండి రెండు చేతులూ తలకు పెట్టుకుని, నా మొహం ఏమైనా వింతగా ఉందా అని అడుగుతూ కూలబడ్డాడు. రాత్రి ఎనిమిది దాటిన కాసేపటికి ప్రాణం పోయింది. హడావిడిగా వచ్చిన డాక్టర్లు మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. ఏ ఊపిరితిత్తుల కోసం ఇంత దూరం వచ్చాడో వాటి పేరే ఎవరూ ఎత్తలేదు. అప్పటికాయనకు 44 ఏళ్ళు. మర్నాడు సమోవన్లు అడవి కొట్టి దారి చేసి, భుజాల మీద మోసుకెళ్ళి వైయా కొండ మీద పూడ్చిపెట్టారు. తల్లి ఎడిన్‌బరో చలికి తిరిగి వెళ్ళిపోయింది.

ఇక ఆ మంచులో మిగిలిపోయిన డాక్టరు సంగతి. ఎడ్వర్డ్ లివింగ్‌స్టన్ ట్రూడో స్టీవెన్సన్ కంటే రెండేళ్ళు పెద్ద. అసలు ఆ అడవికి ఆయన వైద్యం చెయ్యడానికి రాలేదు. క్షయ అని తేలాక, ఇక ఎక్కువ రోజులు బతకననుకుని, ఇష్టమైన చోట కన్నుమూద్దామని 1873లో వచ్చాడు. క్షయ ఉందో లేదో తేలనివాడు ఆ ఊరి చలి తాళలేక వెచ్చని దీవికి వెళ్ళిపోయాడు. ఉందని రూఢిగా తెలిసినవాడు ఆ చలిలోనే ఉండిపోయాడు. స్టీవెన్సన్ పోయిన తర్వాత ఇంకో 21 ఏళ్ళు బతికి, 1915 నవంబరులో, 67 ఏళ్ళ వయసులో, సరనాక్ లేక్‌లోనే కన్నుమూశాడు.