మ్యాడెన్ ఆడబోయే కరీంనగర్ తాతలకు

విజిటర్ వీసా మీద డాలస్ పక్కన ఫ్రిస్కోకు పోతున్నారా? సకినాలు, గరిజెలు, మామిడికాయ తొక్కు ఎట్లా సర్దుకోవాలో మీకు ఒకరు చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది వేరే ఉంది. దిగిన రెండో రోజో మూడో రోజో, కొడుకూ కోడలూ మీటింగుల్లో మునిగి ఉండగా, మనవడు మీ చేతిలో కంట్రోలర్ పెట్టి "తాతా, మ్యాడెన్ ఆడుదాం దా" అంటాడు. మ్యాడెన్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్ వీడియో గేమ్. డాలస్ కౌబాయ్స్ జట్టు ప్రధాన కార్యాలయం ఆ ఊళ్లోనే ఉంది. అక్కడి పిల్లలు ఆ అమెరికన్ ఫుట్‌బాల్‌తోనే పెరుగుతారు. రాదంటే పరువు పోతుంది.

ముందుగా, నియమాలు అడగకండి. అడిగితే వాడు చెప్తాడు, పొద్దుగూకుతుంది. పక్కకు పదకొండు మంది. వంద గజాల మైదానం. పది గజాలు ముందుకు జరగడానికి నాలుగు ప్రయత్నాలు, జరగలేకపోతే బంతి అవతలివాళ్లది. ఇంత చాలు. మిగతావి రిఫరీలకే గుమిగూడి మాట్లాడుకుంటే తప్ప తేలవు.

ఆ పదకొండు మందికి మాత్రం కాస్త మర్యాద ఇవ్వండి. కంప్యూటర్లకు అంత సత్తువ లేని 1980ల్లో, తక్కువ మందితో సరిపెడదామని ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీ అనుకుంది. పదకొండుకు పదకొండు ఉంటేనే తన పేరు వాడుకోనిస్తానని మొండికేసినాయన జాన్ మ్యాడెన్. ఓక్లాండ్ రైడర్స్ కోచ్‌గా 1977 జనవరిలో సూపర్ బౌల్ అనే ఫైనల్ గెలిపించి, ఆ తర్వాత టీవీ వ్యాఖ్యాతగా ఇంటింటికీ తెలిసిన మనిషి. ఆయన పట్టు నెగ్గడానికి ఏళ్లు పట్టి, 1988లో యాపిల్ టూ కంప్యూటర్ మీద మొదటి ఆట వచ్చింది. ఆయన 2021 డిసెంబరులో పోయారు. ఆట మాత్రం ఏటేటా కొత్త నంబరు తగిలించుకుని వస్తూనే ఉంది. పోయినేటి దానికీ ఈ ఏటి దానికీ తేడా ఏందని మనవణ్ని అడగండి. వాడు నసుగుతాడు. మీ కొడుకు మాత్రం మళ్లీ డెబ్బై డాలర్లు కడతాడు. 2004లో పోటీ కంపెనీ తన ఫుట్‌బాల్ గేమును ఇరవై డాలర్లకే అమ్మింది. ఆ డిసెంబరులోనే మ్యాడెన్ వాళ్లు ఎన్ఎఫ్ఎల్ అనే అసలు లీగులోని జట్ల, ఆటగాళ్ల పేర్ల మీద హక్కులన్నీ తమకే రాయించుకున్నారు. బేరమాడదామంటే పక్క దుకాణమే లేదు.

ఇక ఆట. మొదట బంతి కనిపించదు, మెనూ కనిపిస్తుంది. గీతలూ బాణాలూ నిండిన పటాల్లోంచి ఒక ఎత్తుగడ ఎంచుకోవాలి. కళ్లజోడు సవరించుకుని, అన్నీ చదివినట్టు తలాడించి, అన్నిటికంటే పొడుగు బాణం ఉన్నదాన్ని నొక్కండి. కుర్రాళ్లు బారులు తీరుతారు. బటన్ నొక్కితే బంతి విసిరేవాడు, అంటే మీ క్వార్టర్‌బ్యాక్ చేతికి వస్తుంది. ముందుకు ఉరికే ఒక్కొక్కడి నెత్తిమీద ఒక్కో బటన్ గుర్తు ఉంటుంది. ఆ బటన్‌ను తట్టి వదిలితే బంతి గాల్లోకి లేచి తీరిగ్గా పోతుంది, నొక్కిపడితే దూసుకుపోతుంది. ఎవరికి వేయాలా అని మీరు ఆలోచించేలోపే ఒక్కొక్కడూ నూటముప్పై కిలోల చొప్పున నలుగురు వచ్చి మీవాడి మీద పడతారు. అప్పుడు కంట్రోలర్ చేతిలో జివ్వుమంటుంది. కరెంటు కొట్టిందని సోఫా మీదికి విసరకండి. వంటింట్లోంచి "ఎందుకట్ల ఒర్రుతున్నరు?" అని వినబడితే జవాబివ్వకండి.

ఒక్కో ప్రయత్నం ఐదారు సెకన్లే. మళ్లీ మెనూ, మళ్లీ బారులు. దీన్ని ఆట అంటారా అని మీకు కోపం రావచ్చు. 2010లో వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక లెక్క కడితే, మూడు గంటల అసలు మ్యాచ్‌లో బంతి ఆటలో ఉండేది దాదాపు పదకొండు నిమిషాలేనని తేలింది. కానీ రుచంతా ఆ ఖాళీలోనే ఉంది. కబడ్డీలో కూతకొచ్చినవాడు ఏ కాలు కదుపుతాడా అని మూల ఆటగాడు కాచుకున్నట్టు, ఎదుటివాడు ఏ పటం నొక్కి ఉంటాడో ఊహించాలి. రెండుసార్లు పొడుగు బాణం వేస్తే మూడోసారికి మనవడు తన మనుషులను వెనక్కి జరిపి కూర్చుంటాడు. అందుకని మూడోసారి కళ్లు మూసుకుని నొక్కండి. మీకే తెలియనిది వాడికేం తెలుస్తుంది? పండితులు దీన్ని వ్యూహం అనరు గానీ, మొదటి వారం బాగానే పనిచేస్తుంది.

నాలుగో ప్రయత్నంలో బుద్ధిమంతులు బంతిని దూరంగా తన్ని ఎదుటి జట్టుకు అప్పగిస్తారు. మీరు తన్నకండి. ఇల్లు, పొలం, ఫిక్స్‌డ్ డిపాజిట్లు అన్నీ పిల్లలకు అప్పగించే వచ్చారు, ఇంక బంతి కూడానా?

బంతి వాడి దగ్గరున్నప్పుడు ఇంకా సులువు, ఏమీ చేయకండి. కుడి బొటనవేలి కింది పుల్లను తోసి ఎదుటివాణ్ని గట్టిగా గుద్దే వీలుంది. గురి తప్పితే మాత్రం మీవాడు నేల కరుస్తాడు, వాడివాడు మైదానం చివరి గీత దాటుతాడు. చేతులు ముడుచుకుంటే మిగతా పదిమందిని నడిపే కంప్యూటరే ఏదో ఒకటి చూసుకుంటుంది.

"తాతకేం తెలుసు" అని వాడంటే, ఈ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీకి మన హైదరాబాద్‌లో స్టూడియో ఉందని చెప్పండి. అక్కడ చేసేది ఈ ఆటేనా అని గుచ్చి అడిగితే, చాయ్ తాగొస్తానని లేవండి.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. ఈ ఆటలోనే అల్టిమేట్ టీమ్ అని ఒకటుంది. అసలు డబ్బుతో ప్యాకెట్లు కొంటే, లోపల ఏ ఆటగాడి కార్డు వస్తుందో అదృష్టం. వచ్చే ఏడాది కొత్త ఆట రాగానే ఆ కార్డులకు విలువ ఉండదు. "తాతా, ఒక్క ప్యాక్" అని వాడు గోముగా అంటే కాదనకండి. డాలర్లను రూపాయల్లోకి మార్చి, ఆ రూపాయలకు ఎన్ని బస్తాల సన్నబియ్యం వస్తాయో పైకి లెక్కపెట్టండి. వాడే లేచిపోతాడు.

రాత్రి కరీంనగర్‌కు ఫోన్ చేస్తే అక్కడ పొద్దున. టవర్ సర్కిల్ దోస్తులు చాయ్ దగ్గర ఉంటారు. "నలభై రెండు, సున్న" అని మాత్రం చెప్పండి. "ఎవలు గెలిశిండ్రు?" అని ఎవరన్నా అడిగితే, హలో హలో అంటూ సిగ్నల్ లేదని పెట్టేయండి.