జమీందారు గారు స్లౌలో ఉన్నారు

మద్రాసు ప్రెసిడెన్సీలో 1802లో తెల్లదొరలు పర్మనెంట్ సెటిల్‌మెంటు పెట్టి జమీందార్లకు పట్టం కట్టారు. దున్నేది రైతు, వసూలు చేసుకుని పైకి కట్టింది కట్టి మిగిలింది తినేది జమీందారు. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చుకుని విజయనగరం నుంచి పిఠాపురం దాకా ఆ బెడద వదిలించుకున్నాం. జమీందారీ పోయిందనే మనవాళ్ళంతా అనుకుంటున్నారు. అది పోలేదండీ, పుట్టింటికి వెళ్ళింది. ఆ రైతు మునిమనవడు ఇంజినీరింగు చదివి, వీసా కొట్టించుకుని, ముప్ఫయ్యేళ్ళ అప్పు మీద ఇంగ్లండులోని స్లౌలో రెండు పడగ్గదుల ఫ్లాటు కొనేదాకా అక్కడే ఓపిగ్గా కూర్చుంది.

ఇంగ్లండులో ఫ్లాటంటే దాదాపు ఎప్పుడూ లీజ్‌హోల్డే. తొంభైతొమ్మిదేళ్ళకో, నూటపాతికేళ్ళకో, అదృష్టముంటే తొమ్మిదివందల తొంభైతొమ్మిదేళ్ళకో రాసిస్తారు. నేల దాని అసలు యజమాని ఫ్రీహోల్డరుది. బయటి గోడలు, కప్పు, మెట్లు కూడా సాధారణంగా ఆయనవే. హైదరాబాదులో ఫ్లాటు కొంటే నేలలో ఎన్ని గజాల అవిభాజ్య వాటా వస్తుందని మొదటి ప్రశ్న అడుగుతాం. అక్కడ అడిగితే ఏజెంటు మర్యాదగా నవ్వి, వాతావరణం గురించి మాట్లాడతాడు. మనవాడు కొన్నది లోపలి ప్లాస్టరు, దాని మధ్య గాలి, ఆ గాలి పీలుస్తూ కొన్నేళ్ళు ఉండే హక్కు. గృహప్రవేశం ఫోటోలు మాత్రం సొంతానివే.

ఈ నేల ఫ్రీహోల్డర్లకెలా వచ్చిందని అడగడం అమర్యాద. అయినా ఒకటి చెబుతాను. 1677లో సర్ థామస్ గ్రోవనర్ అనే ఆయన మేరీ డేవిస్ అనే పన్నెండేళ్ళ పిల్లను పెళ్ళాడాడు. కట్నంగా లండను పక్కన బురద పొలాలు కలిసొచ్చాయి. వాటిమీద లేచినవే మేఫెయిర్, బెల్‌గ్రేవియా అనే ఖరీదైన పేటలు. ఆయన వంశమే వెస్ట్‌మినిస్టర్ డ్యూకులు. మనం బాల్యవివాహాల మీద వాళ్ళ పాఠాలు విన్నాం. వాళ్ళు ఆ కట్నం మీద అద్దెలు వసూలు చేసుకుంటున్నారు.

డబ్బంతా కట్టేశాక కూడా నేలకు ఏటా అద్దె ఉంటుంది. దాన్ని గ్రౌండ్ రెంట్ అంటారు. నేను శిస్తు అంటాను. కొందరు బిల్డర్లు ఈ శిస్తు పదేళ్ళకోసారి రెట్టింపయ్యేలా రాశారు. ఏడాదికి 295 పౌండ్లే కదా అని సంతకం పెడితే, యాభై ఏళ్ళకు అది 9,440 పౌండ్లవుతుంది. ఐదుసార్లు రెట్టింపు చేసి చూసుకోండి. బకాయి 350 పౌండ్లు దాటినా, మూడేళ్ళు మురిగినా లీజు రద్దు చేయమని ఫ్రీహోల్డరు కోర్టుకెక్కడానికి దారి పెట్టారు. పేపర్లు గోలపెడితే పార్లమెంటు కదిలి, 2022 జూన్ 30 నుంచి రాసే కొత్త లీజుల్లో శిస్తు ఏటా ఒక మిరియపు గింజకు మించకూడదంది. హాస్యం కాదు, చట్టంలో ఉన్న మాటే అది. మలబారు మిరియాల కోసం ఓడలెక్కి బయల్దేరిన జాతి, చివరికి ఒక్క గింజతో సరిపెట్టుకుంది. పాత లీజుల వాళ్ళకు మాత్రం ఆ గింజ దక్కలేదు.

శిస్తు చిల్లర. అసలు వడ్డన సర్వీస్ చార్జీది. కప్పు బాగుచేయించేది ఫ్రీహోల్డరు మనిషి, కాంట్రాక్టరును తెచ్చేదీ ఆయనే, కట్టేది మాత్రం మీరు. చార్జీ న్యాయంగా లేదనిపిస్తే ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు. ఆ కేసు ఖర్చును మళ్ళీ మీ సర్వీస్ చార్జీలోనే కలపకుండా ఇంకో దరఖాస్తు పెట్టుకోవడం మరచిపోవద్దు. ఇక అనుమతులు. కుక్కను పెంచాలంటే అనుమతి, తివాచీ తీసి చెక్క వేయాలంటే అనుమతి, బాల్కనీలో బట్టలు ఆరేయడం చాలా లీజుల్లో నిషేధం. వడియాల ప్రస్తావన ఏ లీజులోనూ ఉండదు; అక్కడి ఎండను చూసి వదిలేసి ఉంటారు. వాస్తు కోసం వాకిలి తూర్పుకు తిప్పుదామనుకునేవారు ముందు లీజు చదవండి, తర్వాత శాంతి చేయించుకోండి.

లీజు 80 ఏళ్ళ కిందికి దిగిందంటే పొడిగించుకోవడానికి ధర ఎగబాకుతుంది. దాన్ని మ్యారేజ్ వాల్యూ అంటారు. కట్నం అనడానికి మొహమాటపడ్డారు. 990 ఏళ్ళు పొడిగింపు ఇవ్వాలని, ఈ మ్యారేజ్ వాల్యూ తీసేయాలని 2024 మేలో చట్టం చేశారు. అక్కడ చట్టం చేయడం వేరు, అమలు తేదీ వేయడం వేరు. రెండేళ్ళు యజమానిగా ఉంటేనే పొడిగింపు అడగాలన్న షరతు ఎత్తేయడానికే 2025 జనవరి 31 దాకా పట్టింది.

అందుకే తెలివైనవాళ్ళు ఊరి బయట ఫ్రీహోల్డు ఇల్లు చూస్తారు. బేరం కుదురుతుంది, అమ్మేవాడు నవ్వుతూ చెయ్యి కలుపుతాడు. ఆ చేతికి విలువ లేదు. అగ్రిమెంట్లు ఇచ్చిపుచ్చుకునేదాకా ఎవరు వెనక్కిపోయినా అడిగే నాథుడుండడు. మరొకడు ఐదువేలు ఎక్కువిస్తానంటే ఇల్లు వాడిది. ఈ దగాకు గజంపింగ్ అని ముద్దుపేరు. అప్పటికి మీ సర్వేయరు, సొలిసిటరు ఫీజులు మాత్రం ఖర్చయిపోయి ఉంటాయి. మన దగ్గర బయానా ఇచ్చినవాడికి పెద్దమనుషుల్లో కనీసం మాట చెల్లుతుంది. అగ్రిమెంట్లు చేతులు మారాక కథ తిరగబడుతుంది: మీరు వెనక్కిపోతే పదిశాతం డిపాజిట్టు గోవిందా. ముహూర్తం పంతులు గారు పెట్టలేరు. మీకు అమ్మేవాడు, వాడికి అమ్మేవాడు, ఆ పైవాడు, అందరూ ఒకే రోజు మూటలు సర్దాలి.

ఫ్రీహోల్డయినా దేవుడు వదలడు. వార్విక్‌షైర్‌లోని ఆస్టన్ కాంట్లో గ్రామంలో ఒక దంపతుల పొలానికి, ఊరి చర్చిలో బలిపీఠం ఉన్న భాగాన్ని బాగుచేయించే బాధ్యత శతాబ్దాలుగా అంటుకుని ఉంది. చర్చి లెక్క పంపితే వాళ్ళు కేసు వేసుకున్నారు. 2003లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్ళి ఓడిపోయారు. తేలిన బిల్లు లక్షా 86 వేల పౌండ్లకు పైమాటే, కోర్టు ఖర్చులు అదనం. మనకు దేవాదాయ భూములు 22ఏ నిషేధిత జాబితాలో కనిపిస్తాయి, కొనకుండా పారిపోవచ్చు. ఇంగ్లండువాళ్ళు మాత్రం 2013 అక్టోబరు దాకా రిజిస్టరులో ఒక్క ముక్క రాయకుండానే ఈ బాధ్యతను కొనేవాళ్ళ మెడకు చుట్టనిచ్చారు.

హద్దుల సంగతి అడగొద్దు. ల్యాండ్ రిజిస్ట్రీ ప్లానులో ఎర్రగీత ఉంటుంది; అది సుమారు హద్దేనని చట్టమే ఒప్పుకుంటుంది. పక్కింటి ఆపిల్ కొమ్మ మీ వైపు వస్తే మీ గట్టు దాకా నరకవచ్చు, కాయలు మాత్రం పక్కవాడివే. తిన్నారా, దొంగలు.

ఇప్పుడు మనవాళ్ళకు అసలు దెబ్బ. నాలుగు లక్షల పౌండ్ల ఇల్లనుకోండి. మొదటిసారి కొనేవాడికి స్టాంపు డ్యూటీ 5,000 పౌండ్లు. కూకట్‌పల్లిలో మీ పేర 40,000 పౌండ్లకు, అంటే మన లెక్కలో రమారమి 45 లక్షలకు తక్కువ కాని ఫ్లాటుంటే మీరు మొదటిసారి కొనేవాళ్ళు కారు, రెండో ఇంటివాళ్ళు. డ్యూటీ 30,000. చట్టం ప్రపంచంలో ఏ మూల ఇల్లున్నా లెక్కలోకి తీసుకుంటుంది. భార్య పేర ఉందంటారా, కలిసి కాపురం చేస్తున్న దంపతులు వాళ్ళకు ఒక్కటే. ఆదాయప్పన్ను వాళ్ళను తప్పించుకోవడానికి మన దగ్గర అమ్మగారి పేరు, బావమరిది పేరు వాడుకుంటాం కదా, ఆ ముందుచూపు ఉన్నవాళ్ళే అక్కడ 25,000 పౌండ్లు మిగుల్చుకుంటున్నారు. తాతగారి ఇంట్లో సగానికి మించని వాటా వారసత్వంగా వస్తే మూడేళ్ళు వదిలేస్తారు. పొలం ఎన్ని ఎకరాలున్నా లెక్కలేదు, అది ఇల్లు కాదు గనుక. ఈ సంగతులు సొలిసిటరు అడిగేదాకా దాచిపెట్టకండి, రిటర్నులో తప్పు రాస్తే జరిమానా మీకే.

ఫ్లాటుకు నేల హక్కు కలిపే కామన్‌హోల్డ్ పద్ధతికి ఇంగ్లండు 2002లోనే చట్టం చేసింది. ఇన్నేళ్ళలో ఆ పద్ధతిలో కట్టినవి ఇరవై కూడా లేవు. జమీందారు తన ఎస్టేటును తానే రద్దు చేసుకుంటాడా? పక్కనున్న స్కాట్లండు మాత్రం 2004 నవంబరు 28న ఫ్యూడల్ హక్కులను ఊడబెరికి పారేసింది. ఎడిన్‌బరోలో ఫ్లాటు కొంటే నిజంగానే మీది. అక్కడ కూకట్‌పల్లి ఫ్లాటున్నందుకు వేసే అదనపు పన్ను ఎనిమిది శాతం.