ఎన్ని ఏపీలు?

డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళకి సంక్రాంతికీ శివరాత్రికీ మధ్య ఇంకో పండగ వస్తుంది. దానికి ముగ్గులుండవు, పిండివంటలుండవు. ఉపవాసం మాత్రం ఉంటుంది, ఎందుకంటే ఆ వారమంతా ఇంట్లో ఎవరికీ అన్నం సయించదు. దాన్ని కోర్స్ సెలెక్షన్ అంటారు. ఎనిమిదో తరగతి చదువుతున్న పిల్ల, వచ్చే ఏడు హైస్కూల్లో ఏ సబ్జెక్టు ఏ స్థాయిలో చదువుతుందో టిక్కులు పెట్టి ఇవ్వాలి. అన్నిటికన్నా కింద ఆన్-లెవెల్, మధ్యలో ఆనర్స్, పైన ఏపీ.

ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. హైస్కూలు బెంచీ మీద కూర్చుని కాలేజీ పాఠం చదవడం. కాలేజ్ బోర్డ్ అనే సంస్థ 1950ల నుంచీ దీన్ని నడుపుతోంది. ఏటా మే నెలలో పరీక్ష, ఒకటి నుంచి అయిదు దాకా స్కోరు, ఒక్కో పరీక్షకి దాదాపు వంద డాలర్లు. ఈ సంగతి తెలియని మా పెద్దమ్మ ఫోన్లో "పిల్ల ఏపీ తీసుకుంటోందటగా, వచ్చేస్తున్నారా నాయనా?" అని సంబరపడింది. ప్రత్యేక తెలంగాణ కోసం రోడ్డు మీద బైఠాయించిన మా కరీంనగర్ మిత్రుడు కూడా ఇప్పుడు తన కొడుక్కి ఏపీ కావాల్సిందేనని కౌన్సెలర్ గది ముందు బైఠాయిస్తున్నాడు.

పాట్‌లక్‌కి వెళ్తే గోంగూర మటన్ గిన్నె మూత తియ్యకముందే అడుగుతారు: "మీవాడు ఎన్ని ఏపీలు?" ఏ ఏపీ అని ఎవరూ అడగరు. ఎందుకని అసలే అడగరు. అంకె చాలు. పక్కవాళ్ళది మనకన్నా పెద్దదైతే ఆ రోజుకి గులాబ్‌జామ్ చేదు.

ఇదంతా ఉత్త గొప్పల కోసమే అనుకుంటే పొరపాటు, ఇందులో ఒక లెక్క ఉంది. మా స్కూల్లో ఆన్-లెవెల్లో 'ఏ' గ్రేడు వస్తే 4 పాయింట్లు, ఆనర్స్‌లో 4.5, ఏపీలో 5. ఊరు మారితే ఈ అంకెలూ మారతాయి. అన్నీ కూడి, సగటు తీసి, ర్యాంకు కడతారు. టెక్సస్‌లో ర్యాంకుకి బరువెక్కువ. 1997లో చేసిన చట్టం ప్రకారం, ఏ హైస్కూల్లోనైనా పై పదిశాతంలో ఉన్న పిల్లలకి రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల్లో సీటు దానంతటదే రావాలి. ఆస్టిన్ యూనివర్సిటీకి తాకిడి మరీ ఎక్కువై దానికొక్కదానికీ కొలత బిగించారు. కొన్నేళ్ళు ఆరు శాతం నడిచింది, 2026లో చేరేవాళ్ళ నుంచి అయిదు చేశారు. ఆ ఒక్క శాతం తగ్గిందన్న వార్త వచ్చిన రోజు మా వీధిలో సంతాపసభ పెట్టలేదు కానీ, పెట్టినా జనం వచ్చేవాళ్ళు. చిన్న ఊళ్ళ పిల్లలకీ పేద బడుల పిల్లలకీ దారి దొరుకుతుందని తెచ్చిన చట్టం అది. మనవాళ్ళు మాత్రం అందరూ ఒకే మంచి స్కూలు చుట్టూ ఇళ్ళు కొనుక్కుని, ఆ అయిదు శాతంలో అందరి పిల్లలూ ఎలా పడతారా అని చూస్తున్నారు.

ఈ లెక్కకి బలయ్యేది బ్యాండ్. మా అమ్మాయి ఆరో తరగతి నుంచీ క్లారినెట్ వాయిస్తోంది. మా స్కూల్లో తొమ్మిదో తరగతి బ్యాండ్‌కి ఆనర్సూ లేదు, ఏపీ లేదు. మా పొరుగింటాయన డేటా అనలిస్టు. ఓ ఆదివారం లాప్‌టాప్ పట్టుకుని వచ్చి ఎక్సెల్ షీటు తెరిచాడు. "చూడండి బ్రదర్. పెద్ద క్లాసుకొచ్చాక ఆరు ఏపీలు తీసుకుని ఆరింట్లోనూ 'ఏ' తెచ్చుకుంది అనుకుందాం. ఆరైదులు ముప్ఫై. ఏడోది బ్యాండ్, దానికి నాలుగు. ముప్ఫై నాలుగుని ఏడుతో భాగించండి. 4.857. అదే బ్యాండ్ లేదనుకోండి, అయిదుకి అయిదు." ఆ గడిని ఎర్రరంగుతో నింపి నా మొహంలోకి చూశాడు. నూటికి నూరు తెచ్చుకున్నా నష్టమొచ్చే వ్యాపారం ఎక్కడైనా ఉందంటే ఇదేనట. వాళ్ళబ్బాయి వయొలిన్ మానేసి ఏపీ కంప్యూటర్ సైన్స్‌కి పేరిచ్చాడు. వయొలిన్ ఇప్పుడు వాళ్ళ గరాజ్‌లో, ఆవకాయ జాడీల పక్కన గోడకి ఆనుకుని ఉంది.

సరిగ్గా ఈ రభసలో మా మామగారు తెనాలి నుంచి దిగారు. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. టిక్కుల ఫారం చూసి కళ్ళద్దాలు తీసేశారు.

"అల్లుడుగారూ, పిల్లనడిగి క్లాసు వెయ్యడమేవిటండీ? కూర ఏం వండాలో వంకాయనడిగినట్టు!"

వాళ్ళ చిన్నప్పుడు హైస్కూల్లో లెక్కలు రెండు రకాలు, కాంపోజిట్ మ్యాథ్స్, జనరల్ మ్యాథ్స్. మామగారు చెప్పినదాన్ని బట్టి, వాళ్ళ హెడ్మాస్టరుగారు పిల్లల్ని వరండాలో వరసగా నిలబెట్టి, ఒక్కొక్కడి మొహం చూసి, బెత్తంతో అటు కొందర్నీ ఇటు కొందర్నీ తోసేవారు. అప్పీలు లేదు. మామగారు కాంపోజిట్. ఆ మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ కాస్త నిటారుగా కూర్చుంటారు.

"మరి జనరల్ మ్యాథ్స్ వాళ్ళు ఏమయ్యారు తాతయ్యా?" అంది మా అమ్మాయి.

ఆయన కాసేపు ఆలోచించారు. "ఒకడికి మూడు రైసు మిల్లులున్నాయి. పద్దులు మాత్రం మా కాంపోజిట్ వాళ్ళే రాసేవారు. వాడి దగ్గర గుమాస్తాలు."

మా తరానికి బెత్తం కూడా అక్కర్లేకపోయింది. రక్తం చూస్తే కళ్ళు తిరిగేవాళ్ళు ఎంపీసీ, లెక్కలు చూస్తే కళ్ళు తిరిగేవాళ్ళు బైపీసీ, రెండూ చూసి తిరిగేవాళ్ళని కూడా ఎంపీసీలోనే వేశారు. ఆ తరవాత వారం వారం పరీక్ష, మార్కులు తగ్గితే సెక్షన్ మార్పు. పై సెక్షన్‌కి మంచి లెక్చరర్లు, కింది సెక్షన్‌కి మంచి ఉపన్యాసాలు. అప్పట్లో ఎవరైనా నా దగ్గరికొచ్చి "నీకే స్థాయి సరిపోతుంది బాబూ?" అని అడిగి ఉంటే, ఇదేదో కొత్తరకం శిక్ష అనుకుని ఏడ్చేసేవాణ్ణి.

టెక్సస్‌లో తొమ్మిదో తరగతి పిల్లలకి మొదటి ఏపీగా సాధారణంగా హ్యూమన్ జాగ్రఫీ ఇస్తారు. మా అమ్మాయికి మ్యాపులంటే పిచ్చి, అది తీసుకుంటానంది. ఏముందో చూద్దామని మామగారు లైబ్రరీ పుస్తకం తెరిచారు. అందులో వాన్ థూనెన్ అనే జర్మన్ పెద్దమనిషి ఉన్నాడు. పట్నం చుట్టూ ఏ పంట ఎంత దూరంలో వేస్తే గిట్టుబాటో 1826లో పుస్తకం రాశాడు. పట్నానికి ఆనుకుని పాలూ కూరగాయలూ, ఆ తరవాత వంటచెరుకు అడవి, ఆపైన ధాన్యం, అన్నిటికీ అవతల పశువుల బీళ్ళు. మామగారు పొద్దున్న కాఫీ నుంచి మధ్యాహ్నం పప్పు దాకా అదే పేజీ చదివారు. "మా పాలేరు సుబ్బన్నకి పుట్టుకతో వచ్చిన విద్య కదండీ ఇది. పాలు విరగకుండా ఎంతదూరం వెళ్తాయో వాడికి తెలీదూ?" అన్నారు. ఆ సాయంత్రం నుంచి హ్యూమన్ జాగ్రఫీకి మా ఇంట్లో పెద్ద అండ దొరికింది.

వలసల అధ్యాయం దగ్గర మాత్రం కాస్త ఇబ్బందైంది. మనుషులు ఊరెందుకు వదులుతారో దానికి పుష్ ఫ్యాక్టర్, పుల్ ఫ్యాక్టర్ అని రెండు పేర్లు పెట్టారు, తోసేవీ లాగేవీ. పిల్ల నోటుబుక్కు పట్టుకుని నా ఎదురుగా కూర్చుంది.

"నాన్నా, నువ్వు అమెరికా రావడానికి పుష్ ఫ్యాక్టర్ ఏంటి?"

మామగారు పేపరు అడ్డం పెట్టుకున్నారు. పాతికేళ్ళ కిందట పెళ్ళిచూపుల్లో "అమెరికా అయితేనే పిల్లనిస్తాం" అన్నది ఆయనే. ఆర్థిక కారణాలు అని రాసుకోమన్నాను.

తరవాత కౌన్సెలర్‌తో మీటింగ్. పిల్ల వెనక నేను, మా ఆవిడ, మామగారు. ఇంకో కుర్చీ తెప్పించాల్సొచ్చింది. కౌన్సెలర్ పిల్లవైపు చూసి "నీకేం ఇష్టం?" అని అడిగింది. "మెడిసిన్" అంది మా ఆవిడ. "రాత్రి ఎన్నింటికి పడుకుంటావు?" అంది. "చదువు అయ్యాకే" అన్నారు మామగారు, ఇంగ్లీషులో, అనవసరమైనంత గట్టిగా. నేనూ ఏదో అనబోయేసరికి ఆవిడ పెన్ను కింద పెట్టి, పిల్లతో ఒక్కదానితో అయిదు నిమిషాలు మాట్లాడతానంది. మమ్మల్ని వరండాలో నిలబెట్టారు. మామగారు అటూ ఇటూ చూశారు, బెత్తం కోసమేమో.

బయటికొచ్చిన ఫారంలో బయాలజీ ఎదురుగా ఆన్-లెవెల్ అని ఉంది.

మా ఆవిడ కారులో అరగంట మాట్లాడలేదు. తరవాత మాట్లాడింది. కష్టమైన క్లాసులో వేస్తేనే పిల్లలు పైకొస్తారు, అందరి పిల్లలూ ఆనర్స్‌లో ఉంటే మనదొక్కతే కిందుంటే ఎలాగండీ అని. మొదటి ముక్కలో నిజముంది. కష్టమైన చదువు చెడ్డదని నేనూ అనను. లాస్ ఏంజెలెస్‌లో హైమే ఎస్కలాంటే అనే బొలీవియా మాస్టారుండేవాడు. గార్‌ఫీల్డ్ హైస్కూల్లో పేద మెక్సికన్ కుటుంబాల పిల్లల చేత ఏపీ కాల్కులస్ రాయించాడు. 1982లో పద్ధెనిమిది మంది రాసి అందరూ గట్టెక్కారు. అది చూసి పరీక్ష పెట్టినవాళ్ళకి అనుమానమొచ్చి పద్నాలుగు మందిని నిలదీశారు. పన్నెండు మంది మళ్ళీ పరీక్ష రాశారు, పన్నెండు మందీ మళ్ళీ గట్టెక్కారు. దాని మీద 1988లో సినిమా కూడా వచ్చింది. మనవాళ్ళు ఆ సినిమా చూసి చివరి పరీక్షే గుర్తుపెట్టుకుంటారు. ఆ మాస్టారు అంతకుముందు ఏళ్ళ తరబడి కింది తరగతుల్లో ఆల్జీబ్రా నుంచీ పునాది వేసుకుంటూ వచ్చిన సంగతి సినిమాలో పాటల్లాగా దాటేస్తారు.

పిల్లల్ని పైకి తొయ్యడం ఎంత రచ్చో, ఆపడమూ అంతే రచ్చ. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2014లో ఎనిమిదో తరగతి నుంచి ఆల్జీబ్రా తీసేశారు, అందరూ కలిసి తొమ్మిదిలోనే నేర్చుకుంటారని. పదేళ్ళు కొట్టుకున్నాక 2024 మార్చిలో ఊరంతా బ్యాలెట్ మీద ఓటేసి, మళ్ళీ పెట్టండి బాబూ అని భారీ మెజారిటీతో చెప్పింది. మనకి ఓట్లు ఉల్లిపాయల ధర మీద పడతాయి. అక్కడ ఎక్స్, వై మీద పడ్డాయి.

ఇంతమంది పెద్దలు, ఇన్ని ఎక్సెల్ షీట్లు. మా పిల్ల ఏం చేసిందయ్యా అంటే బ్యాండ్‌లో సీనియర్లని అడిగింది. ఏ క్లాసుకి రాత్రి ఎంత హోంవర్క్ ఉంటుంది, ఏ టీచరు సందేహం అడిగితే విసుక్కోరు, దేనికి పుస్తకం ముందే చదువుకోవాలి, అన్నీ రాసుకొచ్చింది. ఏళ్ళ తరబడి పిల్లల్ని ముప్పుతిప్పలు పెట్టింది ఏపీ ఫిజిక్స్ 1 అట. అందులో కాల్కులస్ లేదు, ఉత్త ఆల్జీబ్రానే, అయినా అంతే. పేరు చూసి కష్టం కొలవకూడదని పధ్నాలుగేళ్ళ పిల్ల నాకు చెప్పింది. పొరుగింటాయన షీటులో లేని ముక్క ఇంకోటి కూడా తెచ్చింది. ఏపీలో బీ గ్రేడు వస్తే పాయింట్లు నాలుగే. ఆన్-లెవెల్లో 'ఏ' వస్తే అవీ నాలుగే. నిద్ర మాత్రం రెండిట్లో ఒక్కలాగా ఉండదు. మార్చింగ్ బ్యాండ్ చేస్తే టెక్సస్‌లో పీఈ (వ్యాయామం) క్రెడిట్ కూడా వస్తుంది, ఆగస్టు ఎండలో ఫుట్‌బాల్ గ్రౌండు చుట్టూ క్లారినెట్ మోస్తూ నడవడాన్ని ఎవరూ విశ్రాంతి అనలేరు కాబట్టి. ఈ మాట విని మామగారు ఒక్క క్షణం ఆగి, "పిల్ల కాంపోజిట్టే అల్లుడుగారూ" అన్నారు.

చివరికి తేలింది ఇదీ. హ్యూమన్ జాగ్రఫీ ఏపీ. జ్యామెట్రీ, ఇంగ్లీషు ఆనర్స్. బయాలజీ ఆన్-లెవెల్, కప్పని కోసే రోజు కళ్ళు మూసుకోవచ్చని హామీ ఉంటేనే. స్పానిష్, బ్యాండ్ మామూలే. ఫారం కింద మొదటి సంతకం విద్యార్థిది, రెండోది తల్లిదండ్రులది. నేను రెండో గీత మీద పెట్టాను.

ఏప్రిల్ దాకా ఎప్పుడైనా టిక్కులు మార్చుకోవచ్చని కౌన్సెలర్ ఈమెయిల్ పంపింది. అది నా ఇన్‌బాక్స్‌కే వచ్చింది. ఇది చదివేవాళ్ళలో మా ఆవిడ స్నేహితులెవరైనా ఉంటే, ఆ గడువు సంగతి దయచేసి ఆవిడ దగ్గర ఎత్తకండి.